మానైనా వంగుతుంది

మనిషి స్వభావం ఒకసారి గట్టిపడితే ఇక మారదన్న నమ్మకానికి తెలుగులో సామెతల అండ దండిగా ఉంది. మొక్కై వంగనిది మానై వంగునా అని ఒక సామెత నిలదీస్తే, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఇంకొకటి తేల్చి చెబుతుంది. పిల్లల పెంపకం గురించో పెద్దల మొండిపట్టు గురించో మాట్లాడుకునేటప్పుడు పెద్దగా హాని చేయని ఈ మాటలు నేరం దగ్గరికి వచ్చేసరికి తీర్పులుగా మారిపోతాయి. దొంగతనం చేసిన మనిషికి దొంగ అన్నదే పేరుగా స్థిరపడుతుంది, పద్దెనిమిదేళ్లప్పుడు ఒక కొట్లాటలో కత్తి దూసినవాడు యాభై ఏళ్లు వచ్చినా ఆ వీధిలో రౌడీగానే మిగిలిపోతాడు. నేరం చేసేవారి ఆలోచననూ ప్రవర్తననూ, వారితో పోలీసులూ కోర్టులూ జైళ్లూ వ్యవహరించే తీరునూ మనస్తత్వ శాస్త్ర పద్ధతులతో పరిశీలించే విద్యను న్యాయ మనస్తత్వ శాస్త్రమంటారు. ఫోరెన్సిక్ సైకాలజీ అన్న పేరు వాడుకలో ఎక్కువగా వినిపిస్తుంది. తొలిరోజుల్లో ఈ శాస్త్రం కూడా సామెతల పక్షానే నిలబడింది. అయితే నేరస్థుల జీవితాలను బాల్యం నుంచి ముసలితనం దాకా ఓపికగా వెంబడించిన కొందరు పరిశోధకుల శ్రమ ఫలితంగా, నేరస్థుడు ఎలాంటివాడు అన్న పాత ప్రశ్న వెనక్కి తగ్గి, నేరం ఒక జీవితంలో ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ఆగిపోతుంది, ఏది దాన్ని ఆపుతుంది అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. ఆ ప్రశ్నకు దొరికిన సమాధానం, మాను కూడా వంగుతుందన్నది, చట్టాలు రాసేవారికీ ఉద్యోగాలిచ్చేవారికీ ఇంకా సరిగా చేరలేదు.

ఆ సమాధానానికి మొదటి ఆధారం నిజానికి చాలా పాతది. బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే 1831లో ఫ్రాన్స్ కోర్టుల లెక్కలు తీసుకుని, నేరారోపణ ఎదుర్కొన్నవారిని వయసులవారీగా పేర్చి చూశాడు. యౌవనంలో అడుగుపెట్టేటప్పుడు నేరాలు నిటారుగా పెరిగి, ఇరవై అయిదేళ్ల ప్రాంతంలో శిఖరాన్ని తాకి, ఆపైన వయసు పెరిగేకొద్దీ తగ్గుతూ పోవడం అతనికి కనిపించింది. తరువాతి కాలంలో ఎన్నో దేశాల లెక్కల్లో ఇదే ఆకారం మళ్లీ మళ్లీ బయటపడింది. శిఖరం మాత్రం కాలక్రమంలో ఎడమకు జరిగి టీనేజి చివరికి చేరింది. ఎడమవైపు నిటారుగా ఎక్కి, కుడివైపు పొడవుగా వాలే ఈ కొండ ఆకారపు గీతను శాస్త్రవేత్తలు వయసు–నేరం రేఖ అంటారు. నేరబుద్ధి కంటి రంగులా పుట్టుకతో వచ్చి చచ్చేదాకా ఉండేదే అయితే ఈ గీత దిగకూడదు. అది దిగుతుంది కాబట్టి, నేరం చేసినవారిలో అత్యధికులు ఏదో ఒక దశలో దాన్ని మానుకుంటున్నారని ఒప్పుకోక తప్పదు.

ఈ సంగతిని పట్టించుకోకుండా ఇటలీ వైద్యుడు సెజారే లాంబ్రోసో 1876లో ఇంకో దారి తొక్కాడు. కలాబ్రియా ప్రాంతానికి చెందిన ఒక ఖైదీ పుర్రె వెనుక భాగంలో కనిపించిన గుంటను ఆధారం చేసుకుని, నేరస్థుడు పరిణామ క్రమంలో వెనక్కి జారిన ఆదిమ మానవుడనీ, దవడ, చెవులు, నుదురు చూసి అతన్ని గుర్తుపట్టవచ్చనీ ప్రకటించాడు. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ సుమారు మూడువేల మంది ఖైదీల కొలతలను ఇతరుల కొలతలతో పోల్చి, నేరస్థుడికంటూ ప్రత్యేకమైన శరీరాకృతి ఏదీ లేదని 1913లో తేల్చేశాడు. శాస్త్రంలో ఆ వాదం అక్కడితో బలహీనపడింది. పాలనలో మాత్రం దానికి వేళ్లు అప్పటికే దిగి ఉన్నాయి.

బాపట్ల పక్కన ఒక ఊరు

పుట్టుకతో నేరస్థులన్న భావన భారతదేశంలో లాంబ్రోసో పుస్తకానికి అయిదేళ్ల ముందే చట్టమైంది. సాలెవాడి కొడుకు మగ్గం పట్టినట్టు, వడ్రంగి కొడుకు ఉలి పట్టినట్టు దొంగ కొడుకు దొంగతనాన్ని కులవృత్తిగా అందుకుంటాడని నమ్మిన బ్రిటిష్ అధికారులు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తించింది. దాని ప్రకారం ప్రభుత్వం ఒక సమూహాన్ని నేరస్థ తెగగా ప్రకటిస్తే చాలు, అందులోని వ్యక్తి ఏ నేరమూ చేయకపోయినా పేరు నమోదు చేసుకుని, వేలిముద్రలు ఇచ్చి, నిర్ణీత వేళల్లో హాజరు పలకాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి పాఠశాలల్లో ఉంచే అధికారాన్నీ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది.

తెలుగు ప్రాంతంలో ఈ చట్టం కింద ఎక్కువగా నలిగినవారిలో ఎరుకలవారు ఒకరు. గాడిదల మీద, ఎద్దుల మీద తీరం నుంచి లోపలి ఊళ్లకు ఉప్పు మోసుకుపోయి, ధాన్యానికి మారకం వేసుకుని తిరిగివచ్చే సంచార వర్తకం వారి బతుకుతెరువుల్లో ముఖ్యమైనది. బుట్టలల్లడం, సోది చెప్పడం దానికి తోడు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, ఆ వెంటనే రైలు మార్గాలు ఈ వర్తకాన్ని తుడిచిపెట్టాయని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ మద్రాసు రాష్ట్ర రికార్డుల ఆధారంగా వివరించారు. బతుకుతెరువు పోయిన సంచార జనం స్థిర నివాసులకు అనుమానాస్పదంగా కనిపించడం మొదలైంది. ఆ అనుమానమే చట్టం భాషలో వారసత్వ లక్షణంగా నమోదైంది. ఇలాంటివారిని ఒకచోట ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఆధ్వర్యంలో 1913లో బాపట్ల సమీపాన వెలసిన సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు, అదే స్టువర్టుపురం. అక్కడి మనుషులకు భూమి ఇవ్వడం, పని నేర్పడం, చీరాలలోని పొగాకు కర్మాగారానికి కూలికి పంపడం సంస్కరణగా లెక్కకెక్కాయి.

మనస్తత్వ శాస్త్ర దృష్టితో చూసినప్పుడు ఈ ఏర్పాటులో ఒక లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. హాజరు వేళకు రాకపోవడమే నేరం, అనుమతి లేకుండా పక్క ఊరి పెళ్లికి వెళ్లడమే నేరం అయినప్పుడు శిక్షలు పెరగక మానవు. పెరిగిన ఆ శిక్షలనే చూపించి తెగ స్వభావం రుజువైందని చెప్పడమూ మానరు. తాను ఏది నిరూపించదలచుకుందో దాన్ని తానే తయారుచేసుకునే పరీక్ష అది. మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ ఆ చట్టం రద్దయింది. ఆ సమూహాలకు విముక్త జాతులన్న పేరు వచ్చింది, అయితే అలవాటుగా నేరం చేసేవారి పేరిట వచ్చిన కొత్త చట్టాలు, ఆంధ్రప్రదేశ్‌లో 1962 నాటి చట్టంతో సహా, పాత చూపులో కొంత భాగాన్ని మిగుల్చుకున్నాయి. పోలీసు స్టేషన్లలో పాత నేరస్థుల కోసం వాడిన నోన్ డెప్రిడేటర్ అన్న ఇంగ్లీషు మాట కేడీగా కుదించుకుని తెలుగులోకి వచ్చి తిట్టుగా స్థిరపడింది. కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970ల నుంచి స్టువర్టుపురంలో ఇంటింటికీ తిరిగి చేసిన పని ఈ చూపుకు నేరుగా ఎదురు నిలిచింది. మనుషులను తెగగా గాక ఒక్కొక్కరిగా పలకరించి, నేరం విడిచిన తరువాత నిలబడడానికి ఉపాధి కావాలని ప్రభుత్వంతో వాదించిన ఆ పద్ధతిలో, తరువాతి పరిశోధన లెక్కలతో చెప్పిన సంగతే ఉంది. దేశంలోని జైలు నియమావళుల్లో కులాన్ని బట్టి పని కేటాయించే నియమాలను, విముక్త జాతులవారిని పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా చూసే నియమాలను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టివేసింది. చట్టం రద్దయిన 72 ఏళ్లకు కూడా ఆ మాటలు జైలు పుస్తకాల్లో బతికే ఉన్నాయన్నది ఆ తీర్పు బయటపెట్టిన చేదు వాస్తవం.

బోస్టన్ అట్టపెట్టెలు

నేరస్థుడు మారతాడా అన్న ప్రశ్నకు ఇంతవరకు దొరికిన బలమైన సమాధానాల్లో ఒకటి హార్వర్డ్ విశ్వవిద్యాలయ న్యాయ గ్రంథాలయం నేలమాళిగలో చాలాకాలం దుమ్ముపట్టి పడివుండేది. షెల్డన్ గ్లూక్, ఎలినర్ గ్లూక్ అనే పరిశోధక దంపతులు 1940లలో బోస్టన్ నగరపు పేద వాడల్లో పెరిగిన వెయ్యిమంది అబ్బాయిల వివరాలు సేకరించారు. వారిలో 500 మంది బాల నేరస్థులను ఉంచే సంస్కరణ పాఠశాలలవారు, మిగిలిన 500 మంది మామూలు బడుల్లో చదువుకుంటున్నవారు. వయసు, తెలివితేటలు, జాతి, ఉండే వాడ ఈ నాలుగింటిలోనూ ప్రతి బాల నేరస్థుడికీ ఒక సరిజోడీ కుర్రవాణ్ని ఎంచుకుని, ఇంటివాళ్లతో, టీచర్లతో, యజమానులతో మాట్లాడి, ఆ పిల్లలు పాతికేళ్లవారైనప్పుడూ ముప్ఫై రెండేళ్లవారైనప్పుడూ మళ్లీ వెతికి పట్టుకున్నారు. 1950లో వెలువడిన వారి పుస్తకానికి పేరు వచ్చింది. అయితే వారు అందులోంచి తీసిన ముఖ్యమైన పాఠం, ఆరేళ్ల పిల్లవాడి ఇంటి పరిస్థితి చూసి రేపటి నేరస్థుణ్ని ముందే గుర్తించవచ్చన్నది. అంటే అంత శ్రమ చేసిన తరువాత కూడా వారు మొక్క దగ్గరే ఆగిపోయారు.

1980ల మధ్యలో జాన్ లాబ్ అనే నేరశాస్త్రవేత్త ఆ నేలమాళిగలో సుమారు అరవై అట్టపెట్టెల్లో ఈ కాగితాలను కనుగొన్నాడు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ శాంప్సన్‌తో కలిసి ఆయన కొన్నేళ్లపాటు వాటిని కంప్యూటరుకెక్కించి, ఆ తరువాత అసలు మనుషులను వెతుక్కుంటూ బయల్దేరాడు. అప్పటికి ఆ పిల్లలు డెబ్బై ఏళ్ల దరిదాపుల్లో ఉన్నారు. సంస్కరణ పాఠశాలల నుంచి వచ్చిన 500 మంది పోలీసు రికార్డులనూ మరణ రికార్డులనూ డెబ్బయ్యో ఏడు దాకా సేకరించి, వారిలో 52 మంది దగ్గర కూర్చుని జీవిత కథలు విన్నారు. ఒకే మనుషుల నేర ప్రవర్తనను ఏడేళ్ల వయసు నుంచి డెబ్బై దాకా వెంబడించిన పని అంతకు ముందు జరగలేదు.

ఆ ఫలితాలు రెండు నమ్మకాలను కూల్చాయి. వెనుకబడిన ఇల్లు, తాగుబోతు తండ్రి, చిన్నప్పటి మొండితనం, తక్కువ మార్కులు, ఇలా అన్ని ప్రమాద సూచికలూ ఉన్న పిల్లలను విడిగా తీసి చూసినా వారి గీత కూడా చివరికి కిందికే దిగింది. ఒకరిది ఇరవైలలో, ఒకరిది నలభైలలో, ఒకరిది అరవైలలో దిగిందన్నదే తేడా. ఎవరు త్వరగా మానుకుంటారు, ఎవరు ఆలస్యంగా మానుకుంటారు అన్నదాన్ని బాల్యపు లక్షణాలేవీ నమ్మకంగా చెప్పలేకపోయాయి. దాన్ని చెప్పగలిగినవి పెద్దయ్యాక వచ్చిన మలుపులు: నిలకడైన ఉద్యోగం, సైన్యంలో చేరిక, ఊరు మారడం, మంచి దాంపత్యం. ఒకే మనిషి జీవితంలో పెళ్లి బంధంలో ఉన్న ఏళ్లనూ లేని ఏళ్లనూ పోల్చి చూసినప్పుడు, బంధంలో ఉన్న ఏళ్లలో నేరం చేసే అవకాశం సగటున 35 శాతం తక్కువగా ఉన్నట్టు 2006లో వారు లెక్కగట్టారు.

తెలుగు ఇళ్లలో ఈ మాట వినగానే పెళ్లి చేస్తే దారిలో పడతాడన్న పాత సలహా గుర్తుకు రావచ్చు కాబట్టి ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పెళ్లి తంతు మనిషిని మార్చిందని ఆ పరిశోధన చెప్పలేదు. ఇద్దరి మధ్య కాలక్రమంలో పెరిగిన గట్టి అనుబంధం మార్చిందని చెప్పింది. చేయి చేసుకునే అలవాటున్న కుర్రవాణ్ని బాగుచేసే పనిని ఏమీ తెలియని ఒక అమ్మాయి నెత్తిన పెట్టడానికి ఆ అంకెను సాక్ష్యంగా వాడుకోవడం పరిశోధనకూ అన్యాయం, ఆ అమ్మాయికి అంతకు మించిన అన్యాయం.

మలుపు పనిచేసే తీరును లాబ్, శాంప్సన్ వివరించిన పద్ధతి ఈ విషయం మొత్తంలో అత్యంత విలువైనది. కొత్త ఉద్యోగమో కొత్త ఇల్లో మనిషిని పాత స్నేహాల నుంచి తెంపుతుంది. సాయంత్రాలను వేరే పనులతో నింపుతుంది. ఎక్కడున్నావని అడిగే ఒకరిని ఇస్తుంది. కొన్నాళ్లకు తన గురించి తాను వేరుగా ఆలోచించుకునే వీలు కల్పిస్తుంది. ఆ వృద్ధుల్లో చాలామంది ఇక నేరం చేయనని ఏ రోజూ ఒట్టు పెట్టుకోలేదు. జీతం, అద్దె, పిల్లలు, యూనియన్ సభ్యత్వం ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాక, పోగొట్టుకోవడానికి ఇప్పుడు తమకు చాలా ఉందని ఒకనాడు గ్రహించారు. మానుకోవాలన్న నిర్ణయం కన్న ముందే మానుకోవడం జరిగిపోయింది. నేరం నుంచి ఇలా క్రమంగా దూరమవడాన్ని నేర విరమణ అని పిలుస్తారు. అది ఒక రోజు జరిగే సంఘటన కాదు, మధ్యలో జారిపడడాలు కూడా కలిసిన దీర్ఘ ప్రక్రియ.

ఈ ఫలితం అమెరికాకే పరిమితం కాదని లండన్ చూపింది. డోనల్డ్ వెస్ట్ 1961లో ప్రారంభించి, డేవిడ్ ఫారింగ్టన్ దశాబ్దాలపాటు కొనసాగించిన కేంబ్రిడ్జి అధ్యయనం దక్షిణ లండన్‌లోని శ్రామిక వాడకు చెందిన 411 మంది అబ్బాయిలను ఎనిమిదేళ్ల వయసు నుంచి అనుసరించింది. యాభై ఏళ్లు వచ్చేసరికి వారిలో 41 శాతం మందికి ఏదో ఒక నేరానికి శిక్ష పడింది, అయితే మొత్తం శిక్షల్లో సగానికి పైగా కేవలం 7 శాతం మంది ఖాతాలోనే ఉన్నాయి. తొందరపాటు స్వభావం, చదువులో వెనుకబాటు, పేదరికం, పెంపకంలో పర్యవేక్షణ లోపం, ఇంట్లో శిక్ష పడినవారు ఉండడం బాల్యంలో కనిపించిన ప్రధాన సూచికలు. నేరం మానేసినవారు నలభై ఎనిమిదేళ్ల వయసులో ఇల్లు, ఉద్యోగం, కుటుంబ సంబంధాలు, తాగుడు వంటి కొలమానాల మీద ఎన్నడూ శిక్ష పడనివారితో దాదాపు సమానంగా ఉన్నారన్న వివరం మాత్రం వాటంతగా ప్రచారం పొందలేదు.

న్యూజిలాండులోని డునెడిన్ నగరంలో 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లల అధ్యయనం ఆధారంగా టెరీ మోఫిట్ 1993లో ఒక విభజన చేసింది. టీనేజిలో తోటివారిని చూసి దారి తప్పి, ఇరవైలలో మళ్లీ దారికి వచ్చేవారు ఎక్కువ. పసితనంలోనే మెదడు ఎదుగుదలలో చిక్కులూ ఇంట్లో ప్రతికూలతలూ కలిసి పెనవేసుకుని, జీవితమంతా నేరంలో కొనసాగేవారు కొద్దిమంది. ఈ విభజన పరిశోధనకు ఎంతో ఊపు ఇచ్చింది. అయితే రెండో వర్గానికి జీవితాంతం అన్న మాట తగిలించడం సరికాదన్న లాబ్, శాంప్సన్‌ల అభ్యంతరంలోనే ఎక్కువ బలం ఉంది, ఎందుకంటే డెబ్బై ఏళ్ల దాకా చూసిన కాగితాలు వారి చేతిలోనే ఉన్నాయి.

జోస్యం చెప్పిన వైద్యులు

కొద్దిమందే ఎక్కువ నేరాలు చేస్తారన్న లెక్క వినగానే ఎవరికైనా కలిగే ఆలోచన ఒకటే: ఆ కొద్దిమందిని ముందే పట్టుకుంటే సరిపోదా అని. ఫిలడెల్ఫియాలో 1945లో పుట్టిన 9,945 మంది అబ్బాయిలను పరిశీలించిన మార్విన్ వుల్ఫ్‌గాంగ్ బృందం, అందులో 627 మంది మాత్రమే సగానికి పైగా నేరాలకు కారకులని 1972లో ప్రకటించినప్పటి నుంచి ప్రభుత్వాలను ఈ ఆలోచన వదలలేదు. చిక్కేమిటంటే, ఆ 627 మందిని గుర్తించగలిగింది వెనక్కి తిరిగి చూసినప్పుడే.

ముందుకు చూసి చెప్పబోతే ఏమవుతుందో టెక్సాస్ చూపింది. అక్కడ మరణశిక్ష వేయడానికి ముందు, నిందితుడు భవిష్యత్తులో మళ్లీ హింసకు పాల్పడతాడా అన్న ప్రశ్నకు జ్యూరీ సమాధానం చెప్పాలి. జేమ్స్ గ్రిగ్సన్ అనే మానసిక వైద్యుడు వందకు పైగా కేసుల్లో సాక్ష్యం చెప్పాడు. కొన్నిసార్లు మనిషిని ఒక్కసారి కూడా చూడకుండానే, అతను తప్పక మళ్లీ హింసకు దిగుతాడని చెప్పాడు. దీర్ఘకాల హింస గురించి మానసిక వైద్యులు చెప్పే జోస్యాల్లో మూడింట రెండు తప్పుతాయని అమెరికన్ మానసిక వైద్యుల సంఘం స్వయంగా 1983లో అక్కడి సుప్రీంకోర్టుకు విన్నవించుకుంది. అయినా కోర్టు ఆ సాక్ష్యాన్ని అనుమతించింది. గ్రిగ్సన్ ప్రమాదకారిగా ముద్రవేసిన ఒక వ్యక్తి పన్నెండేళ్ల జైలు తరువాత 1989లో విడుదలయ్యాడు, అతనికి పడిన శిక్షే చెల్లదని తేలింది. ఆ సంఘం 1995లో గ్రిగ్సన్‌ను బహిష్కరించింది. ఆ తరువాత అంచనా పద్ధతులు మెరుగుపడ్డాయి. కెనడా మనస్తత్వవేత్త రాబర్ట్ హేర్ తయారుచేసిన ఇరవై అంశాల పట్టిక, పశ్చాత్తాపం లేకపోవడం, మోసపూరిత మాటతీరు, బాధ్యతారాహిత్యం వంటి సైకోపతీ లక్షణాలకు నలభైకి మార్కులు వేస్తుంది; పునర్నేరం విషయంలో ఒక సమూహం గురించి అది కొంత చెప్పగలదు. ఒక మనిషి రేపు ఏం చేస్తాడన్నది అలాంటి పట్టిక ఏదీ నిశ్చయంగా చెప్పలేదు, ఆ తేడాను కోర్టు గదిలో మరిచిపోవడమే ప్రమాదం.

పదహారేళ్ల మెదడు, పెద్దల విచారణ

వయసు–నేరం రేఖ ఎడమవైపు అంత నిటారుగా ఎందుకుంటుందో లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డనర్ 2005లో ప్రచురించిన ఒక ప్రయోగం చక్కగా వివరిస్తుంది. కంప్యూటర్ తెరమీద కారు నడుపుతూ, దీపం పసుపు రంగుకు మారాక ఇంకెంత దూరం పోనివ్వాలో నిర్ణయించుకునే ఆటను 306 మంది చేత ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలకూ ఇరవై నాలుగు దాటినవారికీ పెద్ద తేడా కనిపించలేదు. పక్కన ఈడువాళ్లు చూస్తున్నప్పుడు మాత్రం పిల్లల సాహసం ఒక్కసారిగా పెరిగింది, పెద్దలది పెరగలేదు. పిల్లలకు ప్రమాదం తెలియక కాదు, తెలిసీ ఆగలేకపోవడం ఆ వయసు లక్షణమని దీని సారం. మెదడులో ఉత్సాహాన్ని రగిలించే భాగాలు టీనేజి ఆరంభంలోనే చురుకెక్కుతాయి, తొందరను అదుపు చేసే ముందరి భాగాలు పూర్తిగా ఎదగడానికి ఇరవైల దాకా పడుతుంది. ఫిలడెల్ఫియా, ఫీనిక్స్ ప్రాంతాల్లో తీవ్రమైన నేరాలు చేసిన 1,354 మంది కౌమారులను ఏడేళ్లు అనుసరించిన ఎడ్వర్డ్ మల్వీ బృందం, చివరిదాకా ఎక్కువ స్థాయిలో నేరాలు చేస్తూ పోయినవారు పదో వంతు కూడా లేరనీ, నిర్బంధ గృహంలో ఎక్కువ కాలం ఉంచినందువల్ల నేరం అదనంగా తగ్గలేదనీ కనుగొంది.

ఢిల్లీలో 2012 డిసెంబరులో ఒక యువతి మీద జరిగిన, నిందితుల్లో ఒక మైనరు కూడా ఉన్న సామూహిక అత్యాచారం, హత్య తరువాత దేశమంతా రగిలిన ఆగ్రహం న్యాయమైనది. ఆ ఆగ్రహం మధ్య రూపుదిద్దుకున్న 2015 నాటి బాలల న్యాయ చట్టం, కనీసం ఏడేళ్ల శిక్ష పడే ఘోర నేరాలు చేశారన్న ఆరోపణ ఉన్న పదహారు–పద్దెనిమిదేళ్ల పిల్లలను పెద్దవాళ్లలా విచారించవచ్చో లేదో తేల్చే బాధ్యతను బాలల న్యాయ మండలికి అప్పగించింది. ఆ నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలను అర్థం చేసుకునే శక్తి ఆ పిల్లవాడికి ఉన్నాయా అని మండలి మూడు నెలల్లో ప్రాథమికంగా అంచనా వేయాలి. మండలిలో బాలల మనస్తత్వ శాస్త్రంలో గానీ మానసిక వైద్యంలో గానీ నిపుణులు లేనప్పుడు బయటి నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022 జులైలో స్పష్టం చేసింది. అది మంచి తీర్పు, అయినా అసలు కష్టం అలాగే ఉంది. నెలల తరువాత ఒక ప్రశాంతమైన గదిలో నిపుణుడు అడిగే ప్రశ్నలకు పదహారేళ్లవాడు తెలివైన సమాధానాలే చెబుతాడు. ఆ సామర్థ్యం స్నేహితుల మధ్య, ఆవేశంలో, ఆ రాత్రి పనిచేసిందా అన్నది ఏ ఐక్యూ పరీక్షా కొలవలేదు.

శిక్ష భయం పిల్లలను మారుస్తుందన్న నమ్మకాన్ని కూడా పరీక్షించారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో రాహ్‌వే జైలుకు పిల్లలను తీసుకువెళ్లి, యావజ్జీవ ఖైదీల చేత కేకలు వేయించి బెదిరించిన కార్యక్రమం మీద 1978లో తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది, ఎన్నో రాష్ట్రాలు దాన్ని అనుకరించాయి. వెళ్లిన పిల్లలనూ వెళ్లని పిల్లలనూ చీటీలు వేసినట్టుగా విడదీసి పోల్చిన తొమ్మిది ప్రయోగాలను ఆంథొనీ పెట్రోసినో బృందం కలిపి చూసినప్పుడు, వెళ్లినవారే తరువాత ఎక్కువ నేరాలు చేసినట్టు తేలింది. దండం దశగుణం భవేత్ అనుకునేవారు ఈ ఒక్క ఫలితం ముందైనా ఒక క్షణం ఆగాలి, ఎందుకంటే ఆ అదనపు నేరాలకు బలైనవారు కూడా మనుషులే. నేర విరమణ గురించి మాట్లాడడం బాధితులను మరచిపోవడం కాదు. ఒకడు మానుకున్న ప్రతిసారీ ఇంకొక ఇల్లు దొంగతనానికి గురికాకుండా, ఇంకొక స్త్రీ దెబ్బలు తినకుండా మిగులుతుంది.

మానుకున్నవారు తమ గురించి ఏమనుకుంటారో తెలుసుకోవడానికి షాడ్ మారునా లివర్‌పూల్ నగరంలో మాజీ ఖైదీల జీవిత కథలు విని 2001లో పుస్తకంగా ప్రచురించాడు. మానుకున్నవారూ ఇంకా కొనసాగిస్తున్నవారూ ఒకే రకమైన వాడల నుంచి, ఒకే రకమైన కష్టాల నుంచి వచ్చారు. తేడా కథ చెప్పే తీరులో ఉంది. కొనసాగిస్తున్నవారు తమ జీవితం ఎప్పుడో ఖాయమైపోయిందనీ, తమ చేతుల్లో ఏమీ లేదనీ చెప్పారు. మానుకున్నవారు తమలో అసలు మనిషి ఎప్పుడూ మంచివాడేననీ, ఎవరో ఒకరు తమను నమ్మడంవల్ల అతను బయటికి వచ్చాడనీ, పడిన పాట్లు ఇప్పుడు తమలాంటి కుర్రవాళ్లకు పనికి వస్తున్నాయనీ చెప్పారు. ఆ కథలు అక్షరాలా నిజమా కావా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. నేరం నుంచి బయటపడడానికి మనిషికి అలాంటి కథ ఒకటి అవసరమవుతోంది, లోకం ఆ కథను ఒప్పుకోవడం కూడా అవసరమవుతోంది.

లోకం ఒప్పుకోదనడానికి కొలతలు ఉన్నాయి. దేవా పేజర్ 2001లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో సమాన అర్హతలున్న యువకులను ఉద్యోగ దరఖాస్తులతో 350 సంస్థలకు పంపింది. జైలుకు వెళ్లినట్టు రాసుకోని తెల్లవారిలో 34 శాతానికి పిలుపు వస్తే రాసుకున్నవారిలో 17 శాతానికే వచ్చింది. నల్లవారిలో అది 14 నుంచి 5 శాతానికి పడిపోయింది. పాత కేసు ఎంతకాలం లెక్కలో ఉండాలన్న ప్రశ్నకు ఆల్‌ఫ్రెడ్ బ్లమ్‌స్టీన్, కిమినోరి నకమురా 2009లో గణితంతో జవాబు వెతికారు. న్యూయార్క్ రాష్ట్రంలో 1980లో మొదటిసారి అరెస్టయిన 88 వేల మంది తరువాతి చరిత్రను గమనించి, వారిలో మళ్లీ అరెస్టు కాకుండా గడిపినవారి ప్రమాద స్థాయి ఎన్నేళ్లకు ఆ వయసు సాధారణ జనం స్థాయికి పడిపోతుందో లెక్కగట్టారు. పద్దెనిమిదేళ్లప్పుడు దోపిడీ కేసులో పట్టుబడినవాడికి దానికి 7.7 ఏళ్లు పట్టింది, ఇంట్లో దొంగతనం కేసులో పట్టుబడినవాడికి 3.8 ఏళ్లు. ఆ గడువు దాటిన మనిషిని పాత నేరస్థుడని పిలవడానికి లెక్కల్లో ఆధారం మిగలదు.

భారతదేశంలో జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ప్రచురించే సంపుటాలు కేసులను లెక్కిస్తాయి, మనుషులను ఏళ్ల తరబడి వెంబడించవు. అందుకని ఇక్కడి చట్టాల్లోని గడువులకు అలాంటి కొలత ఆధారం కావడం లేదు. బాలల న్యాయ చట్టంలోని 24వ సెక్షన్ మాత్రం ఈ దిశలో ఒక గొప్ప అడుగు వేసింది. నేరం చేసిన పిల్లలకు ఆ కారణంగా ఏ అనర్హతా ఉండకూడదని, గడువు తీరాక వారి రికార్డులను నాశనం చేయాలని అది ఆదేశిస్తుంది. ఘోర నేరానికి పెద్దవాళ్లలా విచారణ జరిగి దోషులుగా తేలిన పదహారేళ్లు దాటిన పిల్లలను అదే సెక్షన్ ఈ రక్షణ నుంచి మినహాయించింది. వారి రికార్డు బాలల న్యాయస్థానంలో అట్టే ఉండిపోతుంది, ఎన్నేళ్లన్న గడువు అందులో లేదు. ఆ రికార్డు తెరుచుకునే పదహారు–పద్దెనిమిది మధ్య వయసే, దక్షిణ లండన్ అబ్బాయిల విషయంలో నేరం శిఖరాన్ని తాకి కిందికి దిగడం మొదలుపెట్టిన వయసు కూడా.